రజియా ఆపా కాల్చిన కార్బన్ కాగితాలు

రజియా ఆపా పోయిందని నాకు తెలిసేసరికి ఆమె నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థన కూడా అయిపోయింది. ఆమె అన్న కూతురు సమీనా ఎవరెవరినో అడిగి నా నంబరు పట్టుకుని ఫోన్ చేసింది. "ఆంటీ, ఫుప్పీ టైపు మిషన్ ఒకటి ఉన్నది. పాత సామానోనికి ఇయ్యబుద్ధి అయితలేదు. మీరు దాని మీదనే నేర్చుకున్నరని ఫుప్పీ చెప్పేది. వచ్చి తీస్కపోతరా?" అంది. ఫుప్పీ అంటే మేనత్త, ఆపా అంటే అక్క. ఆదివారం వస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ముందుగా వచ్చిన ఆలోచన వేరు: ఇక ఆమెకు చెప్పే పని తప్పింది. గుండెల మీద బరువు దిగినట్టు ఒక్క క్షణం హాయిగా కూడా అనిపించింది. ఆ హాయిని తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపిస్తుంది. దాన్ని మొట్టమొదటే రాసేస్తున్నాను, ఎందుకంటే అది దాచిపెట్టి మిగతాది ఎంత రాసినా లాభం లేదు.

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా బంధువులకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే "కంప్యూటర్లకు తాళాలు వేస్తాను" అని తప్పించుకుంటాను. అందులో అబద్ధమేమీ లేదు. ముఖాలు కూడా తెలియని వేలమంది కలిసి రాసి, కావలసినవాళ్లకు ఉచితంగా ఇచ్చేసే ఆపరేటింగ్ సిస్టమ్‌లు కొన్ని ఉన్నాయి. లినక్స్ అలాంటిదే. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో దాన్ని తెచ్చి ఉన్నదున్నట్టు పెట్టేస్తే అందులో చాలా తలుపులు తెరిచే ఉండేవి. అక్కర్లేనివి మూసెయ్యడం, ఉంచినవాటికి గడియ పడుతోందో లేదో చూడడం, ఎవరు ఏ గది దాకా రావచ్చో తేల్చి చెప్పడం, ఈ పనినే హార్డెనింగ్ అంటారు. ఇన్నేళ్లుగా అదే నా అన్నం. మా బృందంలో కుర్రవాళ్లు నన్ను చాటుగా "అత్తగారు" అంటారని తెలుసు. ఆవకాయ జాడీల మూతలు రోజూ తీసి చూసుకునే అత్తగారన్నమాట. ఈ మధ్యే చేరిన ఒక అమ్మాయి, "కొత్తగా వచ్చినవాళ్ల ఫైళ్లు మొదటి నుంచీ మూసే ఎందుకు ఉంచాలి మేడమ్? ఎవరైనా అడిగితే మూద్దాం" అంది. "అడిగేలోగా చదివేస్తారు" అని నేను కసిరిన కసురుకు ఆ పిల్ల బిత్తరపోయింది. పాపం, ఆ కోపం ఆమె మీద కాదు.

తాళాల పిచ్చి మా నాన్నది. బందరు వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చి ఒక సర్కారు ఆఫీసు రికార్డు గదిలో స్థిరపడి, సంతోష్‌నగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్న మనిషి. ఆయన బేగంబజారుకు వెళ్లి ఏరి ఏరి కొన్న ఇత్తడి తాళం ఒకటి ఉండేది, అరచెయ్యంత. సినిమాకు బయల్దేరామంటే ఆ తాళం వేసి మూడుసార్లు గుంజి చూసేవారు. వీధి మలుపు దాకా వెళ్లాక ఆగిపోయి, "వేశానంటావా?" అని అమ్మను అడిగేవారు. "వేశారు మహానుభావా, నా కళ్లతో చూశాను" అని అమ్మ అన్నా వినకుండా వెనక్కి వెళ్లి మళ్లీ గుంజి వచ్చేవారు. ఆలోగా మేము ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయేది. చుట్టుపక్కల పిల్లలు ఆయన నడకను, గుంజుడును అనుకరిస్తూ నవ్వేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది. పగలంతా తలుపులు బార్లా తీసి ఉండే ఇళ్ల మధ్య మా ఇంటికి మాత్రమే తాళం ఎందుకు, మన ఇంట్లో అంతగా ఏముందని దోచుకుపోతారు అని ఒకసారి గట్టిగానే అడిగాను. "పోయేది ఏముందో పోయేదాకా తెలియదే అమ్మాయ్" అన్నారు నాన్న. ఆ మాటను మా ఇంట్లో చాలాకాలం వేళాకోళానికి వాడుకున్నాం. పప్పులో ఉప్పు మరిచిపోయినా అదే మాట అనుకునేవాళ్లం.

మొఘల్‌పురాలో రజియా ఆపా టైపు ఇన్‌స్టిట్యూటుకు తలుపు ఉన్నట్టే అనిపించేది కాదు. వీధి వైపు ఒక ఆకుపచ్చ పరదా వేలాడేది, అంతే. పరదా తోసుకుని లోపలికి అడుగుపెడితే మిషన్ నూనె వాసన, కొత్త రిబ్బను వాసన, వెనక వంటింట్లోంచి ఖట్టీ దాల్ తిరగమోత వాసన కలిసి వచ్చేవి. గురువారం సాయంత్రాలు వీటన్నిటి మీదా సాంబ్రాణి పొగ. వాళ్ల నాన్న పెట్టిన ఇన్‌స్టిట్యూటు అది. ఆయన పోయాక ఆపా పెళ్లి మాట పక్కన పెట్టి, ఆ ఆరు మిషన్లతో అన్నగారి సంసారానికి కూడా ఆసరా అయింది. నేను టైపు లోయరుకు చేరినప్పుడు ఆమెకు నలభై ఉంటాయేమో. సన్నగా, పొడుగ్గా, ముక్కు చివరన కళ్లద్దాలతో ఉండేది. పిల్లలం మిషన్ వైపు చూసి కొడితే స్కేలుతో బల్ల మీద ఒకటి వేసేది తప్ప చేతి మీద ఏనాడూ వెయ్యలేదు. ఆమెకు ఒక అలవాటు ఉండేది. టైపు చేస్తూ ప్రతి మాటా పెదవుల మీద గొణుక్కునేది. దగ్గర కూర్చుంటే ఏదో జపం చేస్తున్నట్టు సన్నగా వినబడేది. మేమంతా ఆ గొణుగుడుకు తాళం వేసినట్టు మిషన్లు కొట్టి ఆమెను ఆటపట్టించేవాళ్లం. "నోరు చేయి కలిసి నడువాలె బేటా, లేకుంటే తప్పులు పడ్తయి" అని నవ్వేసేది.

మధ్యాహ్నం నమాజు అయ్యాక పిల్లల క్లాసులు ఆపి, గది మధ్యలో ఇంకో పరదా లాగేది. అప్పుడు ఉత్తరాల ఆడవాళ్లు వచ్చేవాళ్లు. చుట్టుపక్కల గల్లీల్లో సగం ఇళ్ల మగవాళ్లు గల్ఫ్‌లో ఉండేవాళ్లు. భార్యలు, తల్లులు వచ్చి ఆపా పక్కన స్టూలు మీద కూర్చుని చెవిలో చెప్పుకునేవాళ్లు, ఆమె ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ల ఉర్దూను టైపు చేసేది. మాకు పాలు పోసే యాదమ్మ కూడా దుబాయిలో ఉన్న తమ్ముడికి తెలుగులో చెప్పి రాయించుకునేది. ఉత్తరం దారిలో పోతే మళ్లీ పంపడానికి ఇంకో ప్రతి ఉండాలని కార్బన్ పెట్టి కొట్టేది ఆపా. ఆ రెండో ప్రతిని కూడా మడిచి గుండుసూది గుచ్చి ఆ మనిషి చేతికే ఇచ్చేసేది. ఆఫీసు కాగితాలకైతే ఒక్కో కార్బన్‌ను చిరిగేదాకా వాడే పిసినారి, ఈ ఉత్తరాలకు మాత్రం ప్రతిదానికీ కొత్తది తీసేది. సాయంత్రం పొయ్యి దగ్గరికి వాటన్నిటినీ పట్టుకెళ్లి ఒక్కొక్కటే కాల్చేది. నల్లటి పొగతో ఘాటుగా ఉండేది ఆ వాసన. ఒకసారి నేను ఒక కాగితం తీసి వెలుతురుకు పట్టి చూడబోతే చేతిలోంచి లాక్కుంది. "నక్కో బేటా, ముట్టకు. కాయిదానికి గూడ నోరుంటది. పేపరు మీద రాసినయి అన్నీ దీని మీద గూడ ఉంటయి. ఎవరన్న చదువుతరు. గా ఆడామె నన్ను నమ్మి చెప్పింది, పొయ్యిని నమ్మి కాదు" అంది. అది కాలి బూడిదయ్యే దాకా అక్కడే నిలబడి, చీపురుపుల్లతో కదిపి చూసి అప్పుడు లేచింది. నాన్న తాళం గుంజుడుకు, ఈవిడ బూడిద కదుపుడుకు తేడా ఏముందని ఇంటికొచ్చి అమ్మతో చెప్పి నవ్వాను. చాదస్తం అనుకున్నాను.

తర్వాత నేను డిగ్రీలో కంప్యూటర్లు చదువుతున్న రోజులకు టైపు నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. ఆపా మూడు మిషన్లు అమ్మేసి, ఎవరో ఆఫీసువాళ్లు తీసేసిన పాత కంప్యూటర్లు నాలుగు తెచ్చింది. అంతా కంప్యూటర్ సెంటర్లు పెడుతున్నారు, తనూ పెట్టాలి. కానీ వాటిని ఏం చేయాలో ఆమెకు తెలియదు. నాకు తెలుసని నేననుకున్నాను. ఒక పత్రికతో పాటు ఉచితంగా వచ్చిన సీడీలో లినక్స్ ఉంది. దాన్ని పట్టుకెళ్లి ఒక కంప్యూటర్లో వేసి, మిగతా మూడింటినీ దానికి కలిపి, ఫోను లైను తగిలించి, రోజుకు రెండుసార్లు ఉత్తరాలు పంపి తెచ్చేటట్టు చేశాను. దానికి నాకు పదిరోజులు పట్టింది. ఆపా ఎప్పటిలాగే గొణుక్కుంటూ కొట్టిన మొదటి ఈమెయిల్ సౌదీ వెళ్లి, సాయంత్రానికే జవాబు వచ్చినప్పుడు పరదా వెనక ఆడవాళ్లంతా ఒక్కసారి "మాషాఅల్లా" అన్నారు. నసీమ్ అని కొత్తగా పెళ్లయిన అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకుంది. ఆమె భర్త పెళ్లయిన నెలకే వెళ్లిపోయాడు. నాలుగు వారాలకో ఉత్తరం అందుకునే మనిషికి నాలుగు గంటల్లో జవాబు. నేను నేల మీద నడవలేదనుకోండి. ఆపా మాత్రం అనుమానంగా చూసి, "దీన్ల కార్బన్ ఏడుంటది బేటా? సాయంత్రం ఏది కాల్చాలె?" అని అడిగింది. నేను గలగలా నవ్వాను. "ఇందులో కార్బన్ ఉండదు ఆపా. పంపితే పోయినట్టే" అన్నాను.

పోలేదు. పంపిన ప్రతి ఉత్తరానికీ ఒక నకలు ఆ కంప్యూటర్లో, ఆయా మనిషి పేరు మీద ఉన్న ఫోల్డర్లో దానంతటదే దాచుకుంటుందని అప్పటికి నాకు తెలియదు. కొన్నాళ్లకు తెలిసింది, తెలిసినా ఏముందిలే అనుకున్నాను. ఇంతలో ఒక శుక్రవారం ప్రింటరు మొండికేసింది. జవాబులు తీసుకోవడానికి ఆడవాళ్లు బారులు తీరి కూర్చున్నారు. మూడో నంబరు కంప్యూటర్ నుంచి ప్రింటు తీద్దామంటే ఆ ఫైలు చూసే అనుమతి నీకు లేదని చెబుతోంది. లినక్స్‌లో ప్రతి ఫైలుకూ మూడు గడియలుంటాయి. ఒకటి సొంతదారుకు, ఒకటి వాళ్ల జట్టుకు, ఒకటి లోకానికంతటికీ. ఏది ఎవరికి తియ్యాలో ఓపిగ్గా చూసి చేస్తే గంట పని. మూడు ఏడులు కొడితే మాత్రం మూడు గడియలూ ఒకేసారి ఊడిపోతాయి. నేను మూడు ఏడులు కొట్టాను, ఒక్క ఫైలుకు కాదు, ఉత్తరాల ఫోల్డర్లన్నిటికీ. ప్రింటరు కరకరమంటూ మొదలైంది, అందరూ సంతోషించారు, నేను చెమట తుడుచుకున్నాను. రేపు తీరిగ్గా సరిచేద్దాం అనుకున్నాను. ఆ రేపు రెండు నెలలు రాలేదు. మొఘల్‌పురా గల్లీలో ఆపా ఇంట్లో ఉన్న డబ్బాలోకి దొంగ ఎక్కణ్ణుంచి వస్తాడు? పరదా చాలని నమ్మే ఇంట్లో కూర్చుని నేనూ పరదా చాలనుకున్నాను. దొంగ బయటి నుంచే వస్తాడనుకోవడం నా తెలివి.

ఒక ఉదయం యాదమ్మ పాలు పోస్తూ క్యాను కింద పెట్టి గడప మీద కూలబడింది. "మస్తు లొల్లయింది బిడ్డా మొఘల్‌పురాల. గా నసీమ్ పిల్ల లేదూ, దాన్ని అత్త ఇంట్లకెల్లి ఎల్లగొట్టింది. మొగనికి రాసిన ఉత్తరంల ఏమేం రాసిందో మరిది అంగట్ల నిలబడి మాట మాట అందరికి ఇనిపిచ్చిండు. అత్త వంటింటికి తాళమేసి చెవి నడుముకు కట్టుకుంటదట, ఇది ఆకలైతే నీళ్లు తాగి పంటదట, నువ్వొచ్చినంక సంతోష్‌నగర్ల రెండర్రలు తీస్కొని ఏరుపడుదాం అన్నదట. గదంత వానికెట్ల తెల్వాలె? ఆపానే చెప్పిందంటున్రు అందరు." అమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని, "రజియా అలాంటి మనిషి కాదే" అంది. "నేను గూడ గట్లనే అన్న. మరి వానికి కలొచ్చిందా?" అంది యాదమ్మ. పోతూ పోతూ, "ఇగ నేను నా తమ్మునికి ఫోనే చేస్త. నోటికి తాళం లేని తాన మనకెందుకు" అంది. ఆ మరిదిని నాకు తెలుసు. ఎక్కడో కంప్యూటర్ కోర్సు చేస్తూ, ప్రాక్టీసుకని రోజూ వచ్చి మూడో నంబరు దగ్గర, పరదాకు ఇవతల కూర్చునేవాడు. అది గుర్తొచ్చింది, దాని వెంటే నేను కొట్టిన మూడు ఏడులూ గుర్తొచ్చాయి.

ఇన్‌స్టిట్యూటుకు పరుగెత్తాను. ఆపా నసీమ్ వాళ్ల పుట్టింటికి వెళ్లిందట, గదిలో ఎవరూ లేరు. మూడో నంబరు నుంచి లోపలికి వచ్చినవాళ్లు ఏమేం కొట్టారో వరసగా రాసి ఉండే చిట్టా ఒకటి ఉంటుంది. తెరిచి చూశాను. అంతా ఉంది. ముందు ఫోల్డర్ల పేర్లు చూశాడు. తర్వాత నసీమ్ పేరు. లోపల ఒక్కొక్క ఉత్తరం, వరసగా. తర్వాత ఇంకో ఇద్దరు ఆడవాళ్లవి. వాడు తాళం పగలగొట్టలేదు, గోడ దూకలేదు. నేను తెరిచిపెట్టిన తలుపులోంచి నడిచివెళ్లాడు. అక్కడ కూర్చుని నేను మూడు పనులు చేశాను. ఫోల్డర్లన్నిటికీ గడియలు వేశాను. దాచిన నకళ్లన్నీ తుడిచేశాను. చివరికి ఆ చిట్టాను కూడా తుడిచేశాను. మొదటి రెండూ దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడం. మూడోది దొంగతనమే. ఆపా నిర్దోషి అని చెప్పగలిగిన సాక్షి ఈ లోకంలో అదొక్కటే, దాన్ని నా చేత్తో చంపేశాను.

ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర గొప్ప కారణమేమీ లేదు. ఆ సోమవారం నాకు ఒక కంపెనీలో ఇంటర్వ్యూ ఉంది. నా బయోడేటాలో చెప్పుకోదగ్గ వాక్యం ఒక్కటే: ఒక ఈమెయిల్ సర్వరును ఒంటిచేత్తో, భద్రంగా నడుపుతున్నాను. ఆ బయోడేటాను టైపు చేసి పెట్టింది ఆపానే. భద్రంగా అనే మాట ఆమె కలిపింది. పొద్దెక్కాక ఆపా తిరిగొచ్చింది. నసీమ్ ముఖం చూపించలేదట, వాళ్లమ్మ తలుపు వేసేసిందట. ఆపా ముఖం వాడిపోయి ఉంది. నా ఎదురుగా స్టూలు మీద, ఉత్తరాల ఆడవాళ్లు కూర్చునే ఆ స్టూలు మీదే కూర్చుని, "అల్లా కే వాస్తే నిజం చెప్పు బేటా. మిషన్‌లకెల్లి ఎవరన్న చదవచ్చా?" అని అడిగింది. "లేదు ఆపా, చదవలేరు" అన్నాను. గడియలు వేసి అప్పటికి ఇంకా గంట కాలేదు. ఆ క్షణానికి అది నిజమే. ఇన్నేళ్లూ నేను ఆ నిజాన్నే అడ్డం పెట్టుకుని బతికాను. ఆమె నా ముఖంలోకి చూసి, తల ఊపి, "ఔ. నువ్వు అబద్ధం ఎందుకు చెప్తవు" అంది. లేచి వెళ్లి నాకు టీ పెట్టి తెచ్చింది. తాగాను కూడా.

నాకు ఆ ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే మానేశారు. మధ్యాహ్నం పరదా లాగి ఆపా ఒక్కతే కూర్చునేదని, ఎవరైనా వస్తారేమోనని వీధి వైపు చూసేదని యాదమ్మ చెప్పింది. కొన్నాళ్లకు ముందుగది అద్దెకిచ్చేశారు. నేను కొత్త నగరం వైపు వెళ్లిపోయాను. మొదట్లో పండక్కి ఒకసారి, తర్వాత రెండేళ్లకొకసారి, తర్వాత అసలే లేదు. ఉద్యోగంలో నాకు పేరొచ్చింది గడియల విషయంలోనే. నలుగురూ కలిసి రాసుకునే ఒక లినక్స్‌కు నేను పంపిన మొదటి మార్పు చాలా చిన్నది, ఒక్క వాక్యం: కొత్త మనిషి ఫైళ్లు పుట్టుకతోనే మిగతా లోకానికి మూసి ఉండాలి. ఎందుకింత పట్టుదల అని వాళ్లు అడిగారు. సాంకేతిక కారణాలు ఎనిమిది రాశాను, తొమ్మిదోది రాయలేదు. ఏ ఊళ్లోనో ఎవరో నసీమ్ ఫైలు నా వల్ల మూసి ఉంటుందని అప్పుడప్పుడూ నన్ను నేను ఓదార్చుకునేదాన్ని. అసలు నసీమ్‌కు మాత్రం వాటిల్లో ఏ ఒక్కటీ పనికిరాలేదు. ఇప్పుడు ఇంటికి తాళం వేసి మూడుసార్లు గుంజి చూస్తాను. మలుపు దాకా వెళ్లి ఆగిపోతాను. నాన్న ఉంటే నవ్వేవారు.

ఆదివారం పొద్దున్నే వెళ్లాను. ముందుగదిలో ఇప్పుడు మొబైల్ ఫోన్ల కవర్లు అమ్ముతున్నారు. వెనక గది అలాగే ఉంది. గోడవారగా బల్ల మీద మిషన్, దాని మీద ఆపా కుట్టిన గుడ్డ తొడుగు. సమీనా బడిలో పాఠాలు చెబుతుందట. ముఖంలో ఆపా ముక్కు ఉంది. మంచినీళ్లిచ్చి, తొడుగు తీస్తూ మాట్లాడింది. "ఆఖరి దాంక టైపు చేసింది ఆంటీ. కోర్టు కాయిదాలు, స్కూలు పేపర్లు. ఉత్తరాలు మాత్రం ఎవ్వరియి ముట్టలే. ఇంకొకటి, టైపు చేసెటప్పుడు దుపట్టా కొస పండ్ల నడుమ పట్టుకునేది. గట్టిగ. చిన్నప్పుడు మేం నవ్వెటోళ్లం, మేక ఆకు నమిలినట్టున్నదని."

"ఎందుకు?" అన్నాను.

"నోట్లకెల్లి మాట పడొద్దని. ఎన్కట ఏదో ఉత్తరం లొల్లి అయింది కదా. నేను గొణుక్కుంట కొట్టిన, పరదా అవతల ఆ పిలగాడు ఇన్నడు అనేది ఫుప్పీ. ఎవరన్న మీ కంప్యూటర్ మీద అనుమానం పడితే కోపానికొచ్చేది. ఆ పిల్ల మిషన్ మంచిదే, నా నోరే చెడ్డది అనేది. ఫుప్పీ పోయిననాడు, మయ్యత్‌కు గూడ నసీమ్ ఖాలా రాలే. ఈడనే, సంతోష్‌నగర్ల ఉంటది. ఇద్దరు ఆడోళ్లు మాట్లాడుకోకుండనే ఒకరు పాయె."

నేను చెప్పాను. మూడు ఏడుల దగ్గర మొదలుపెట్టి, తుడిచేసిన చిట్టా, "లేదు ఆపా" అన్న మాట, ఆమె తెచ్చిన టీ, అన్నీ చెప్పాను. అయిపోయాక సమీనా మిషన్ గుడ్డ తొడుగును మడిచి పక్కన పెట్టింది. "ఇరవై ఏండ్లు ఆంటీ" అంది. "ఒక్క నాడు వచ్చి చెప్తే దుపట్టా నోట్లకెల్లి తీసేది కదా." తప్పయిపోయిందని అనబోయాను. ఆ మాట ఆ గదిలో పట్టేంత పెద్దది కాదనిపించి మానేశాను. ఆమె కళ్లు తుడుచుకుని, "నాకు చెప్తే ఏమొస్తది? నసీమ్ ఖాలాకు తెల్వాలె. నేను పోయి చెప్తే మేనత్తను ఎనకేసుకొస్తున్న అంటది. రాసియ్యుండ్రి" అంది. సొరుగు లాగి రెండు తెల్ల కాగితాలు తీసింది. వాటి కింద కార్బన్ల డబ్బా ఉంది. "రెండు కొట్టుండ్రి. ఒకటి ఖాలాకు. ఒకటి ఫుప్పీది, ఇంట్ల ఉంటది."

కాగితాల మధ్య కార్బన్ పెట్టి మిషన్‌కెక్కించాను. ఇన్నేళ్ల తర్వాత కూడా వేళ్లు వాటి చోట్లకు అవే వెళ్లాయి. ఇంగ్లీషు అక్షరాల్లో ఉర్దూ, ఆపా కొట్టినట్టే. నసీమ్, నీ ఉత్తరం రజియా ఆపా నోటి నుంచి బయటపడలేదు, తలుపు తీసిపెట్టింది నేను, అని మొదలుపెట్టాను. రెండో వాక్యానికి నాకు తెలియకుండానే గొణగడం మొదలైంది. ఆపలేదు. ఇంకాస్త పైకే చదువుతూ కొట్టాను, ముందుగదిలో కవర్లు అమ్మే అతను తిరిగి చూసేంత పైకి. చివర నా పూర్తి పేరు కొట్టి, కాగితాలు బయటికి లాగి, రెండిటి మీదా సంతకం పెట్టాను. సమీనా వాటిని విడదీసి కార్బన్‌ను కిటికీ వెలుతురుకు పట్టింది. నా మాటలన్నీ ఒక్క అక్షరం పోకుండా దాని మీద ఉన్నాయి. ఆమె దాన్ని పట్టుకుని, చిన్నప్పుడు మేనత్తను చూసిన అలవాటుతో, వంటింటి వైపు రెండడుగులు వేసి ఆగింది.

"కాల్చాలా ఆంటీ?"

"వద్దమ్మా" అన్నాను. "ఎవరైనా చదువుకోనీ."